ఒంటిగంట ఎండ

కమలాంబ నందిగామ బస్సు దిగి, జగ్గయ్యపేట ఊరి చివర ఉన్న మేనల్లుడి ఇంటికి వచ్చేసరికి ఆ మేనల్లుడు ఉదయభాస్కర్ డాబా మీద ఉలీ సుత్తీ పుచ్చుకుని గచ్చు చెక్కుతున్నాడు. ఆవిడ చేతిసంచీ కింద పెట్టకుండానే తల పైకెత్తి, "ఏంట్రా భాస్కరం, ఇల్లు అమ్ముతున్నావా, పడగొడుతున్నావా?" అంది.

భాస్కరం సిగ్గుపడ్డాడు. సిగ్గుపడాల్సిన పనే చేశాడు మరి. డాబా మీద వేసవంతా పేరుకున్న బూడిదరంగు దుమ్మును ఒక్క ఊపులో కడిగేద్దామని ముందురోజు బకెట్లకొద్దీ నీళ్ళు కుమ్మరించాడు. చీపురు కోసం కిందికి దిగి, వీధిలో ఎవరో పలకరిస్తే కబుర్లలో పడ్డాడు. అసలే రోహిణీ కార్తె. తిరిగి పైకి వెళ్ళేసరికి దుమ్ము కాస్తా బిళ్ళ కట్టి గచ్చుకి కరుచుకుపోయింది. సిమెంటు ఫ్యాక్టరీల ఊళ్ళో ఆ దుమ్ము మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో వీధిలో ఆడుకునే పిల్లలకి కూడా తెలుసు. భాస్కరానికి తెలియకపోవడానికి కారణం ఒకటే. ఇల్లు కట్టుకుని పదేళ్ళు దాటినా ఆయన చీపురు పట్టడం అదే మొదటిసారి.

ఆ చీపురు అన్నాళ్ళూ పట్టింది ఆయన భార్య సంయుక్త. పట్టీ పట్టీ ఆయాసం తెచ్చుకుంది. మొదట్లో చలికాలం జలుబన్నారు, తర్వాత పడని తిండేదో తింటోందన్నారు. చివరికి బెజవాడ డాక్టరు ఎక్స్‌రే వెలుగుకి పెట్టి చూసి, "మందులు రాస్తా గాని, ముందు ఆ దుమ్ములోంచి ఈవిణ్ణి బయటికి తీసుకెళ్ళండి" అని తేల్చి చెప్పాడు. ఇంటి పడమటి వైపు సున్నపురాయి క్వారీలు. ఆ రోడ్డున లారీలు పోతూనే ఉంటాయి. పిల్లలకి హిందీ ట్యూషన్లు చెప్పే సంయుక్త ఒక పాఠం పూర్తిగా చదవలేక మధ్యలో ఆగి, పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి కోసం ఎదురుచూసేది.

నందిగామలో కమలాంబ ఇంటి ముందు వాటా ఖాళీగానే ఉంది. వచ్చి ఉండండర్రా అని ఆవిడ డాక్టరు చెప్పిన వారమే కబురు పెట్టింది. భాస్కరం వినలేదు. సొంత ఇల్లు పెట్టుకుని ఇంకొకరి వాటాలో ఉండడమేమిటని ఆయన పట్టుదల. ఇది అమ్మాలి, ఆ డబ్బుతో నందిగామలో ఇల్లు కొనాలి, అప్పుడు ఇంట్లోంచి ఇంట్లోకి దర్జాగా కదలాలి. కాలవల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు ఆయన. పైనుంచి ఆర్డరు రానిదే కాగితం కదలదు, ఇల్లు అమ్ముడుపోనిదే సంసారం కదలదు.

ఇల్లేమో అమ్ముడుపోవడం లేదు. వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగి, అటక మీంచి వేలాడుతున్న సామానూ కిటికీలకి పట్టిన దుమ్మూ చూసి, "మళ్ళీ కబురు చేస్తామండి" అని వెళ్ళిపోయేవారు. ఈసారి చందర్లపాడు నుంచి చిన్నబాబు అని ఒక ఆసామి ఆదివారం చూడ్డానికి వస్తానన్నాడు. పొలాల మీద వచ్చినదానితో లారీలు కొన్నాడు, పేటకి మకాం మారుద్దామనుకుంటున్నాడు. ఈ బేరం కూడా పోతే మళ్ళీ వానలు వెళ్ళేదాకా ఎవరూ రారని బ్రోకరు చెప్పేశాడు. అప్పుడు గాని భాస్కరానికి మేనత్త గుర్తుకు రాలేదు.

కమలాంబ అంటే ఏమిటో తెలియాలంటే నందిగామలో ఆవిడ వార్డెనుగా పనిచేసిన ఆడపిల్లల హాస్టల్లో అడగాలి. ఆవిడ రిటైరై చాలాకాలమైనా ఇప్పటికీ అక్కడ ట్రంకుపెట్టెలు ఆవిడ చెప్పిన వరసలోనే ఉంటాయట. మనిషి సన్నగా చీపురుపుల్లలా ఉంటుంది. గొంతు పెంచదు. కాని ఆవిడ ఒక గదిలోకి వచ్చి నిలబడితే ఆ గదిలో వస్తువులన్నీ వాటంతటవే సర్దుకుంటాయేమో అనిపిస్తుంది.

వస్తూనే ఆవిడ చేసిన మొదటి పని చీపురు పట్టడం కాదు. సంయుక్తని చెయ్యి పుచ్చుకుని ఎదురింటికి తీసుకెళ్ళింది. ఆ ఇల్లు గవర్నమెంటు ఆస్పత్రి నర్సు జయమణిది. వేపచెట్టు నీడన చల్లటి వరండా ఉంది. "ఇక్కడ పని అయ్యేదాకా మా అమ్మాయి నీ దగ్గరే ఉంటుందమ్మా. ఆ గుమ్మం దాటి వస్తే నాకు చెప్పు" అంది. సంయుక్త ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలుస్తుంది, భర్తకి మేనత్త తనకి పిన్ని వరస గనక. "నా ఇల్లు మీరు దులపడమేంటి పిన్నిగారూ" అని మొహమాటపడింది. కమలాంబ తడిపి పిండిన చేతిగుడ్డ ఒకటి ఆమె చేతిలో పెట్టి, ముక్కుకి అడ్డం పెట్టుకోమని వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే ఇల్లు ఖాళీ చెయ్యడం మొదలైంది. అటక మీద ఏముందో భాస్కరానికే తెలియదు. కాళ్ళు విరిగిన పీటలు, అడుగు పోయిన గంగాళం, మూతల్లేని జాడీలు, జాడీల్లేని మూతలు, ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన ప్లాస్టిక్ పూలబుట్టలు, ఆయన తండ్రిగారి వాల్వు రేడియో, బైండు చేయిద్దామని దాచి చేయించని వారపత్రికల కట్టలు. ఒక్కోటీ దించుతుంటే ఆయన, "అది ఉంచు అత్తయ్యా, పనికొస్తుంది" అనేవాడు. ఆవిడ "సరే" అనేది, తీసుకెళ్ళి పెరట్లో పరిచిన నాపరాళ్ళ మీద పెట్టేది. సరే అంటూనే మొత్తం అటకంతా పెరట్లో పెట్టేసింది. అటకలో బల్లులు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. "ఏది కావాలో ఏది వద్దో నేనడగనురా. నాకా తగువు వద్దు. మధ్యాహ్నం ఒంటిగంటకి నీక్కావలసినవి నువ్వే మోసుకుని లోపలికి తెచ్చుకో. నేను కాదనను. ఒక్కటే షరతు, పెరట్లోకి కూడా చెప్పులు వేసుకోకూడదు. వట్టి కాళ్ళతోనే తేవాలి. సాయంత్రానికి పెరట్లో మిగిలినవి నీవి కావు."

ఇంతేనా అనుకున్నాడు భాస్కరం. ఒంటిగంటకి పంచె ఎగ్గట్టి పెరట్లోకి దిగాడు. మొదటి అడుగుకే ఆయనకి నాపరాయి అంటే ఏమిటో తెలిసింది. ముందు రేడియో ఎత్తుకున్నాడు. దాని బరువు ఒకవైపు, కాళ్ళ కింద పెనం ఒకవైపు. ఎనభై నాలుగు నుంచి పలకని రేడియో అది. సగం దూరం వచ్చేసరికి ఆయనకి తండ్రిగారి మీద గౌరవం తగ్గలేదు గాని, రేడియో మీద బాగా తగ్గింది. దాన్ని నిమ్మచెట్టు మొదట్లో దించేసి, గంతులు వేసుకుంటూ వచ్చి వసారాలో పడ్డాడు. తర్వాత పత్రికల కట్ట కోసం ఒకసారి వెళ్ళి, పైది ఒకటి మాత్రం తీసుకుని విసురుకుంటూ వచ్చాడు. మూడోసారి వెళ్ళలేదు.

కమలాంబ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నవ్వలేదు. కుండలోని నీళ్ళు గ్లాసుతో ఇచ్చి, కాళ్ళ మీద ఒక చెంబు పోసింది. "అయిందా? పోనీలే, కొబ్బరి తురిమే కత్తిపీటా, మీ అమ్మ ఇత్తడి మరచెంబూ నేను పొద్దున్నే లోపల పెట్టేశా. అవి మాత్రం నీ కాళ్ళకి వదిలేసే వస్తువులు కావు" అంది. ఎన్నేళ్ళుగానో భార్యాభర్తలు ఉంచుదాం, పారేద్దాం అని తగువులాడుకున్న సామానుని ఈవిడ ఒక్క మధ్యాహ్నంలో ఎండ చేత తేల్పించేసింది. ఒక్కరి మనసూ నొప్పించలేదు. ఆ కాస్త నొప్పీ అరికాళ్ళకే.

ఇంతలో వీధి వైపు నుంచి అడుగుల చప్పుడు. సంయుక్త. తల మీద కొంగు కప్పుకుని, జయమణి వద్దంటున్నా వినకుండా రోడ్డు దాటి పక్క సందులోంచి పెరట్లోకి వచ్చింది. ఆయాసపడుతూనే ఆ కుప్పంతా ఒకసారి కలియజూసి, అడుగున ఉన్న పెద్ద నల్ల గొడుగు లాగింది. చువ్వలు రెండు వంగిపోయాయి, గుడ్డ చిరిగిపోయింది. "దీన్నేం చేసుకుంటావు?" అన్నాడు భాస్కరం వసారాలోంచి. "కాపరానికి వచ్చిన రోజు బస్టాండు నుంచి దీని కిందే తీసుకొచ్చారు నన్ను. మీకు గుర్తులేదులెండి" అని, దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఎదురింటి వరండాలో కూర్చుని దానికి మాసికలు వేస్తూ కనిపించింది. మిగిలిన సామాను కావలసినవాళ్ళు వచ్చి పట్టుకుపోయారు.

ఇక ఆ తర్వాత కమలాంబ పని చూడాలి. క్వారీ పేలుళ్ళు మొదలయ్యే వేళకి పడమటి కిటికీలన్నీ మూసేసేది, గాలి తిరగ్గానే తెరిచేది. నీళ్ళ జోలికి పోలేదు. ముందు పైకప్పు, తర్వాత గోడలు, ఆ తర్వాత నేల, అంతా పొడిగుడ్డతోనే. దుమ్ము మొత్తం గంపకెత్తి పోశాకే తడిగుడ్డ పట్టింది. ఫ్యాను రెక్కలకి పాత దిండు గలేబు తొడిగి లాగితే దుమ్మంతా గలేబులోకే వచ్చింది, కింద ఒక్క పిసరు రాలలేదు. దోమతెర జాలీలు కుంకుడు నురగలో నానబెట్టింది. వంటింటి పొగమసి మీద సున్నం రెండు పూతలు భాస్కరం చేతే వేయించింది. డాబా మీద ఆయన తెచ్చిపెట్టుకున్న బిళ్ళలు కూడా ఆయన చేతే చెక్కించింది. పని చేస్తున్నంతసేపూ విసుక్కోలేదు, నడుం పట్టుకుని కూర్చోలేదు. శనివారం సాయంత్రానికి భాస్కరం తన ఇంట్లో తానే కొత్తవాడిలా గది గదీ తిరిగాడు. ఈ ఇంటికి ఇంత వెలుతురుందని ఆయనకి తెలియనే తెలియదు. ఎంత మంచి ఇల్లు కట్టానో అని ఒక క్షణం గర్వపడి, కట్టింది తనే అయినా చూపించింది అత్తయ్య అనుకున్నాడు.

ఆదివారం పొద్దున్న స్నానం చేసి వస్తూ పడమటి గదిలోకి తొంగిచూసి అదిరిపడ్డాడు. సంయుక్త పడుకునే గది అది. కిటికీ రెక్కలు బార్లా తీసి ఉన్నాయి. కిటికీ గట్టు నిండా బూడిదరంగు దుమ్ము. భుజం మీద తువ్వాలు లాగి తుడవబోయాడు.

"ముట్టుకోకు" అంది కమలాంబ వెనకనుంచి.

"మర్చిపోయావు అత్తయ్యా, ఇదొక్కటీ."

"మర్చిపోలేదు. నిన్న దీపాలు పెట్టే వేళకి నేనే తడిగుడ్డ పెట్టి తుడిచి, తలుపులు తీసి ఉంచా. ఇది ఒక్క రాత్రి దుమ్ము. కొనేవాళ్ళు చూడాలి."

"చూస్తే కొంటారా?"

"చూడకపోతే కొంటారు. ఆ తర్వాత రోజూ చూస్తారు."

భాస్కరానికి ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళు ఇంత అద్దంలా తుడిచి, ఆఖరి నిమిషంలో తనే మసి పూస్తానంటుందేమిటి ఈవిడ. "సంయుక్త సంగతి నీకు తెలియదా? ఈ బేరం పోతే దాన్ని ఈ ఇంట్లోనే ఉంచమంటావా?" అన్నాడు. గొంతు పెరిగింది. కమలాంబ "తుడిస్తే తుడువు. నీ ఇల్లు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ వద్దని ఉంటే తుడిచేసేవాడే. తుడిస్తే తుడువు అనేసరికి చెయ్యి ఆడలేదు. తుడవనూ లేదు, వదిలేసి రానూ లేదు. ఇంతలో వీధిలో జీపు ఆగింది.

చిన్నబాబు తెల్లచొక్కా మనిషి, నిదానస్తుడు. ఆయన భార్య కమలాకుమారి గడప దగ్గరే చెప్పులు విడిచి, "ఎంత శుభ్రంగా పెట్టుకున్నారండీ" అంటూ లోపలికి వచ్చింది. ఆ మాటతో భాస్కరం గుండె కుదుటపడింది. సంయుక్త కూడా వచ్చి వాళ్ళకి మజ్జిగ ఇచ్చింది. హాలు నచ్చింది, వంటిల్లు ఇంకా నచ్చింది. ఎందుకు అమ్ముతున్నారని చిన్నబాబు అడిగితే భాస్కరం ముందే తయారు చేసి పెట్టుకున్నట్టు, "నందిగామ ట్రాన్స్‌ఫర్ అండి" అన్నాడు. కమలాంబ కుండ మీద మూత పెడుతోంది.

పడమటి గదిలోకి అందరికంటే ముందు భాస్కరమే వెళ్ళాడు. వెళ్ళి కిటికీకి వీపు ఆనించి నిలబడ్డాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టి గట్టు పట్టుకున్నాడు. చూసేవాళ్ళకి ఎవరో పటం కట్టించి తగిలించినట్టున్నాడు గాని, ఆయన మాత్రం చాలా సహజంగా ఉన్నాననుకున్నాడు.

కమలాకుమారి గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. ఆవిడ మొహం విప్పారింది. భర్త వైపు తిరిగి, "ఈ గది అత్తగారికి ఇద్దామండి. ఆవిడకి ఆయాసం కదా, కిటికీ పెద్దది, గాలి బాగా వస్తుంది" అంది. చిన్నబాబు తల ఊపాడు. "సరేనండి భాస్కరంగారూ, మాకు నచ్చింది. ఇక కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు.

ఇన్నాళ్ళుగా భాస్కరం వినాలనుకున్న మాట అది. విన్నాడు. గుమ్మం దగ్గర సంయుక్త ఊపిరి కూడా వినిపించింది, ఈల వేస్తున్నట్టు సన్నగా. తన వెనక అరచేతుల కింద దుమ్ము గరగరలాడుతోంది. అత్తయ్య వైపు చూశాడు, ఆవిడైనా ఏదో ఒకటి అంటుందేమోనని. ఆవిడ అనలేదు. అంటే సుఖంగా ఉండేది, తప్పు ఆవిడ మీద తోసేయొచ్చు. ఆయన చందర్లపాడులో ఎక్కడో మంచం మీద కూర్చుని ఊపిరి కోసం ఎదురుచూస్తున్న ఒక ముసలావిణ్ణి తలుచుకున్నాడు. ఆవిడకి ఎందుకో సంయుక్త మొహమే ఉంది.

కిటికీ దగ్గర్నుంచి పక్కకి జరిగాడు.

"అమ్మా, ఇక్కడ ఒకసారి వేలు పెట్టి చూడండి" అన్నాడు. "నిన్న సాయంత్రం తుడిచిన గట్టు ఇది. ఒక్క రాత్రికి ఇంత. ట్రాన్స్‌ఫర్ నేనే అడిగి వేయించుకున్నానండి. మా ఆవిడకి కూడా ఆయాసమే. ఇక్కడికొచ్చాకే వచ్చింది."

కమలాకుమారి వేలితో ఒక గీత గీసి, ఆ వేలు చూసుకుంది. సంయుక్త వైపు చూసింది. చివరికి చిన్నబాబు, "మంచిపని చేశారండి" అని మాత్రం అన్నాడు. జీపు ఎక్కబోతూ మళ్ళీ వెనక్కి వచ్చి భాస్కరం దుమ్ము చేతినే పట్టుకుని, ఎవరికైనా ఆఫీసుకి కావాలంటే చెబుతానన్నాడు. వానలు పడ్డాక తన లారీల ఆఫీసుకి ఆయనే ఆ ఇల్లు తీసుకున్నాడు గాని, ఆ పూట అది ఎవరికీ తెలియదు. ఆ పూట తెలిసిందల్లా బేరం పోయిందనే.

భాస్కరం వసారాలో చతికిలబడ్డాడు. కళ్ళనీళ్ళు వచ్చాయి. దాచుకోలేదు. సంయుక్త పక్కన కూర్చుని, "ఇప్పుడే నాకు మీరంటే ఎంత ఇష్టమేసిందో" అంది మెల్లిగా. ఆయనకి ఆ మాట కూడా ఓదార్పు కాలేదు. "ఇంకెన్ని నెలలు ఇక్కడే నువ్వు" అన్నాడు.

కమలాంబ చేతిసంచీ భుజాన వేసుకుని వచ్చి నిలబడింది.

"ఇల్లు అమ్ముడుపోయేదాకా దాని ఊపిరి ఆగుతుందట్రా?" అంది.

"సొంత ఇల్లు వదిలేసి..."

"మొన్న పెరట్లో వదిలేసినవన్నీ సొంతవేగా. ఏం, కాళ్ళు కాలగానే వద్దనుకోలేదూ? నీక్కావలసిందేదో నువ్వే తేల్చుకో. నేనడగను. ఒంటిగంటకి నందిగామ బస్సుంది."

భాస్కరం ఆవిడ వైపు చూశాడు, తుడిచిన ఇంటి వైపు చూశాడు. ఆవిడ ఇల్లు ఖాళీ చేయించింది కొనేవాళ్ళ కోసమేనా, లేక తాము ఇవాళ చేతులూపుకుంటూ బయటపడడానికా అని అనుమానం వచ్చింది. అడగలేదు. లేచి లోపలికి వెళ్ళి సంయుక్త బట్టలూ మందులూ ట్రంకుపెట్టెలో పడేశాడు. మరచెంబు చీరల మధ్య పెట్టాడు. గుమ్మానికి తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్ళి జయమణికి ఇచ్చాడు. ఆ ఎండలో ఊరి చివరికి ఆటోలు రావు, మెయిన్ రోడ్డు దాకా నడవాల్సిందే. పెట్టె నెత్తికెత్తుకుని, రెండో చేత్తో మాసికల గొడుగు విప్పి సంయుక్త మీద పట్టాడు.

వీధిలో పిట్ట లేదు. తారు మెత్తబడి మెరుస్తోంది. గొడుగు నీడ ఇద్దరికీ చాలదు గనక ఆయన ఎండలోనే నడుస్తున్నాడు. ఆమె ఊపిరి అందినప్పుడు నడిచి, అందనప్పుడు ఆగుతున్నారు. ఆమె ఆగినప్పుడల్లా ఆయన తొందరపెట్టకుండా పెట్టె మోస్తూ నిలబడ్డాడు. వీధి మలుపు దాకా వచ్చాక సంయుక్త తల దించి చూసి ఆగిపోయింది.

"ఏవండీ, చెప్పులేవీ?"

భాస్కరం కిందికి చూసుకున్నాడు. వట్టి కాళ్ళు. ఇంటి దగ్గర్నుంచీ వట్టి కాళ్ళే. వెనక్కి తిరిగి చూస్తే కమలాంబ నాలుగడుగుల దూరంలో వస్తోంది, ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని.